కుడి అచ్చులో ఎడమ బూటు

"వ్యాన్ ఇంజన్ ఇంకా ఆపలేదు చూశారా?" అన్నాడు రైలు. "దానర్థం ఏమిటో మీకు చెప్పాలా మేడమ్?"

"డీజిలు దండగ అని," అంది నత్తమ్మ.

రైలు నవ్వలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి అతను. ఏ కేసు దగ్గరా ఆగడు, దారిలో ఏమున్నా చూడడు అని అతని కింద పనిచేసేవాళ్ళే పెట్టుకున్న పేరు అది. నత్తమ్మకి ఆ పేరు పెట్టింది ఆమె పోలీసు స్టేషన్లో కుర్రకారు. ఎప్పుడైనా ఆమె వెనక నుంచి వచ్చి వినేస్తే, "అత్తమ్మా అన్నాం మేడమ్" అని సర్దుకునేవారు. ఆమె నమ్మినట్టే తలాడించేది. ఆమెకు కోడలూ లేదు, వీపు మీద మోసుకు తిరిగేంత ఇల్లూ లేదు. అద్దెగదిలో ఒక్కతే ఉండేది. రాత్రిళ్ళు మనుషుల మాటల్ని తలకిందులు చేసి చూసుకోవడం తప్ప ఆమెకు వేరే కాలక్షేపం లేదు.

"మూడింటికి కోర్టు," అన్నాడు రైలు. "ఆవిణ్ణి తీసుకెళ్ళి నిలబెడతాను. ఆ తర్వాత కేసు నాది. ఈలోగా మీరు చూడాలనుకున్నది చూడండి. పెద్దవారు, కాదనను."

ఆవిడ అంటే నిన్న ఈ గ్యారేజీలో చనిపోయినవాడి భార్య. మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. చనిపోయినవాడు ఒక ఫ్యాక్టరీలో పనిముట్ల విభాగానికి సూపర్‌వైజరు. అక్కడ అతన్ని అందరూ కొలబద్ద అనేవారు. తలకి దెబ్బ తగిలి పోయాడు. భార్య బూట్ల మీద అతని రక్తముంది. అంతకన్నా ఏం కావాలన్నది రైలు వాదన.

నత్తమ్మ ముందు వ్యాన్ ఎక్కింది. భార్య లోపల బల్ల మీద కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ లేదు. రాత్రంతా ఎవరితోనో పోట్లాడి, ఇంకా అలిసిపోనిదానిలా ఉంది.

"నిన్న పొద్దున మీ ఇద్దరికీ గొడవ దేని గురించి?"

"బూట్ల గురించి."

"బూట్ల గురించి మనుషులు అంత అరుచుకుంటారా?"

"మీ ఆయన అరిచేది దేని గురించి?"

"నాకు ఆయన లేడు."

"అదృష్టవంతులు," అంది భార్య. "వాన పడుతుంటే తోటలో కుండీలు లోపల పెట్టి వచ్చాను. బూట్లనిండా బురద. 'అచ్చులో పెట్టు' అన్నాడు. విప్పి గ్యారేజీ నట్టనడుమ తన్నాను. ఒకటి ఇటు పడింది, ఒకటి అటు. చెప్పులేసుకుని పనికి పోయాను."

"పక్కింటాయన ఒక మాట విన్నాడట. 'నీ గీత చెరిపేస్తా' అన్నారట మీరు."

"అన్నాను. ఇప్పుడైనా అంటాను."

"ఏ గీత?"

భార్య ఆమె వైపు వింతగా చూసింది. "మీరింకా గ్యారేజీ చూడలేదా? చూసి రండి. అప్పుడడగండి."

* * *

నత్తమ్మ చూసింది.

గ్యారేజీకి ఒక పక్క కారు. ఇంకో పక్క గోడ పొడవునా, నేల నుంచి తలెత్తు దాకా చెక్క అరలు. కింది అరల్లో బూట్లు, నడుమ షూలు, పైన చెప్పులు. అలాంటి అరలు ఎవరింట్లోనైనా ఉంటాయి. కానీ ఈ అరల్లో ప్రతి జోడు కిందా తెల్ల రంగుతో గీత గీసి ఉంది. ఎడమ పాదానికి ఎడమ అచ్చు, కుడి పాదానికి కుడి అచ్చు. ఫ్యాక్టరీలో సుత్తికీ రెంచికీ బల్ల మీద ఆకారం గీస్తారు, ఏ పనిముట్టు తిరిగి రాలేదో దూరం నుంచే తెలియడానికి. ఆ పద్ధతిని కొలబద్ద ఇంటికి తెచ్చుకున్నాడు. గోడ మీద చీపురుకీ, తుడిచే గుడ్డ తగిలించే కొక్కేనికీ, చివరికి బూటు పాలిష్ డబ్బాకీ కూడా అచ్చులున్నాయి. తడిసిన బూట్లలో పాత పేపరు ఉండలు చుట్టి కూరి ఉన్నాయి.

నత్తమ్మ వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. ఇది నీటు కాదు. నీటుగా ఉండేవాడు తన చెప్పులు సర్దుకుంటాడు. మనిషి ఇంట్లో లేకపోయినా వాళ్ళ పాదాల్ని గోడ పక్కన నిలబెట్టుకోవాలనుకునేవాడు ఇలా గీస్తాడు.

"గీత అంటే ఇదీ," అంది పైకి. "తలరాత కాదు సార్. రంగు. ఆవిడ చెరిపేస్తానంది దీన్ని."

"ముందు మనిషిని చెరిపితే గీతలు చెరపడం తేలిక కదా," అన్నాడు రైలు. "రండి, నేను చెప్తాను. ఆరున్నరకి గొడవ. బూటు ముందు ఇనుప రేకు ఉంది, దాంతో కొట్టింది. అదిగో, ఇంట్లోకి వెళ్ళే తలుపు ముందు ఆ సిమెంటు మెట్టు మీద పడ్డాడు. గుడ్డతో రక్తం తుడిచింది. గుడ్డని కొక్కేనికి తగిలించింది. బూట్లు తీసి సరిగ్గా అచ్చులో పెట్టింది. ఏడింటికల్లా నర్సరీలో మొక్కలకి నీళ్ళు పడుతోంది. అక్కడ ఆరుగురు చూశారు, పదకొండున్నరకి మనం వెళ్ళేదాకా గేటు దాటలేదు. ఎంత చల్లని గుండె!"

"ఏడు నుంచి అక్కడే ఉంది. అది మీకు ఖాయమేనా?"

"నేనే విచారించాను మేడమ్. రాతిమీద గీత."

"ఇంట్లో ఉన్న గీతలు చాలవా," అంటూ ఆమె వంగి కింది అర చూసింది.

భార్య బూట్లు అక్కడే ఉన్నాయి. సాయంత్రం ల్యాబువాళ్ళు పట్టుకెళ్ళేదాకా ఎవరూ ముట్టుకోకూడదని రైలు వాటి చుట్టూ పసుపు టేపు కట్టించాడు. ఎడమది ఎడమ అచ్చులో, కుడిది కుడి అచ్చులో, మడమ గీతకి మడమ ఆనుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా. బురద కూడా సగం తుడిచి ఉంది.

ఆమె అలా వంగే చాలాసేపు ఉండిపోయింది.

"నడుం పట్టేసిందా?" అన్నాడు రైలు.

నత్తమ్మ బయటికి నడిచి వ్యాన్ కిటికీ దగ్గర నిలబడింది. "చూశాను," అంది. "మీరు బూట్లు అచ్చులో ఎప్పుడూ పెట్టేవారు కాదా?"

"పెట్టేదాన్ని," అంది భార్య. మొదటిసారి ఆమె మొహంలో ఏదో మెరిసింది. నవ్వు కాదు గాని దాని చెల్లెలు. "కుడి అచ్చులో ఎడమది, ఎడమ అచ్చులో కుడిది. పదకొండేళ్ళు. ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా లేచొచ్చి మార్చి పెట్టాను. ఆయన పొద్దున్నే వచ్చి సరిచేసేవాడు. ఒక్కమాట అనేవాడు కాదు. నేనూ అనేదాన్ని కాదు. మా కాపురంలో మేమిద్దరం శ్రద్ధగా చేసిన పని అదొక్కటే."

* * *

"అయితే?" అన్నాడు రైలు, అదంతా విని. "తప్పు చేసినవాళ్ళకి హఠాత్తుగా పద్ధతి వస్తుంది. మనిషిని చంపాక భయం పట్టుకుంటుంది, చేతులు వాటంతటవే సర్దేస్తాయి. మీరే చెబుతారుగా, మనస్తత్వం, మనస్తత్వం అని."

మాట బాగానే ఉంది. అందుకే నత్తమ్మకు ఒళ్ళు మండింది. నిజానికి అంత దగ్గరగా వచ్చిన అబద్ధాన్ని కొట్టడం కష్టం.

"భయపడ్డ చెయ్యి సర్దదు సార్, దాస్తుంది," అంది. "రక్తం అంటిన బూట్లని అందరికీ కనపడే అరలో, ముందు వైపు, సొంత చోట్లో పెట్టి వెళ్ళే మనిషికి భయం లేదన్నమాట. దాచాలన్న ఆలోచన కూడా లేదు. ఆ మనిషికి ఒకటే బాధ. బూట్లు చోటు తప్పాయి. రక్తం కారుతున్నా సరే, ముందు అవి చోటికి చేరాలి. అలాంటి మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు."

"ఎవరు?"

"చచ్చిపోయినాయన."

రైలు పకపకా నవ్వాడు. "శవం లేచి బూట్లు సర్దిందా? ఈ మాట కోర్టులో చెప్పండి మేడమ్, టికెట్టు కొనుక్కుని వస్తాను."

"అప్పటికి శవం కాలేదు." ఆమె ఫోను తీసి పోస్టుమార్టం చేసిన డాక్టరుకి చేసింది, అతనికి కూడా వినపడేలా పెట్టింది. "డాక్టరుగారూ, ఆ గ్యారేజీ మనిషి దెబ్బ తగిలిన వెంటనే పోయాడా?"

"అక్కర్లేదండీ. పుర్రె లోపల మెల్లగా రక్తం కారింది. గంటా రెండు గంటలు బాగానే తిరిగి ఉండొచ్చు. మాట్లాడి కూడా ఉండొచ్చు. మీ అధికారిగారు నన్ను ఇది అడగలేదు."

"ఆయన దారిలో దిగరండీ," అని ఫోను పెట్టేసింది.

రైలు ముక్కు ఎగబీల్చాడు. "ఉండొచ్చు, ఉండొచ్చు. ఉండొచ్చులతో వ్యాన్ ఆగదు."

నత్తమ్మ గ్లవ్స్ తొడుక్కుంది. టేపు ఎత్తి, ఎడమ బూటులోంచి పేపరు ఉండ బయటికి లాగింది.

"అన్ని బూట్లలోనూ ఉంది అది," అన్నాడు రైలు విసుగ్గా. "అది ఈ ఇంటి అలవాటు."

"అందుకే మీరు విప్పలేదు."

ఆమె ఉండని మెల్లగా, ఉల్లిపొర తీసినట్టు విప్పింది. మొదటి పేజీ. పైన తేదీ నిన్నటిది. మూలన ఎండిన రక్తంతో బొటనవేలి ముద్ర పడి ఉంది. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్ల చార, ఎప్పుడో యంత్రంలో తెగి అతుక్కున్న వేలిది. ఆ వేలిని ఇద్దరూ నిన్న మార్చురీలో శవం మీద చూశారు.

రైలు వంగి ఆ ముద్రని చూశాడు.

"తిరుగుతూ వచ్చి, ఆవిడ నట్టనడుమ తన్నిపోయిన బూటు తట్టుకుని పడ్డాడు," అంది నత్తమ్మ. "తల మెట్టుకి తగిలింది. లేచాడు. మెట్టు మీద రక్తం తుడిచాడు. గుడ్డ కొక్కేనికి తగిలించాడు. తడిసిన బూట్లలో అప్పుడే వచ్చిన పేపరు కూరాడు. అచ్చులో పెట్టాడు. ఎడమది ఎడమలో, కుడిది కుడిలో. ఆ పూట కూడా భార్య మీద ఆయనే గెలిచాడు."

"పేపరు ఆరింటికే వచ్చి ఉండొచ్చుగా. ఆవిడ ఉండగానే."

"అది అడుగుదాం," అంది నత్తమ్మ. "ఈ ఇంట్లో ఇంకొకరున్నారు. మీరు నిన్న ఆవిడకి నీళ్ళగ్లాసు ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు."

* * *

కొలబద్ద అక్క ఇంటి లోపలి నుంచి వచ్చింది. తమ్ముడికన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది. చాలా ఏళ్ళ క్రితం భర్తని వదిలేసి వచ్చి ఈ ఇంట్లోనే ఉండిపోయింది. నిన్న శవాన్ని మొదట చూసి అరిచింది ఆవిడే. ఇంటికీ గ్యారేజీకీ మధ్య తలుపు గడియ తీసి, మెట్టు దాటి, పాదాలు తుడుచుకుని నిలబడింది. గడియ ఇంటి వైపు ఉందని నత్తమ్మ గమనించింది.

"పెద్దమ్మగారూ, నిన్న పేపరు ఎన్నింటికి వచ్చింది?"

"ఎనిమిది దాటాక. వాన కదా. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

రైలు తల పక్కకి తిప్పుకున్నాడు. ఏడు నుంచి నర్సరీలో ఉందని ఖాయం చేసింది అతనే.

"పేపరు ఎక్కడ వేస్తాడు?"

"షట్టర్ ఎత్తి ఉంటే లోపలికి విసురుతాడు. దించి ఉంటే గేటుకి గుచ్చి పోతాడు. అది మా తమ్ముడు పెట్టిన పద్ధతి."

"అంటే ఎనిమిదింటికి షట్టర్ ఎత్తే ఉంది. పదకొండింటికి మీరు వచ్చేసరికి?"

"దించి ఉంది. నేనే ఎత్తాను. నిన్న ఈయనకి చెప్పాను కదా," అంది అక్క, రైలుని చూపిస్తూ.

"చెప్పారు," అంది నత్తమ్మ. ఆమె గొంతు ఇంకా నెమ్మదించింది. స్టేషన్లో కుర్రకారు ఎవరైనా ఉంటే జాగ్రత్తపడేవాళ్ళు. "ఈ షట్టర్‌కి లోపల పిడి లేదు. బయటి నుంచి లాగితేనే దిగుతుంది, బయటి నుంచి ఎత్తితేనే లేస్తుంది. మీ మరదలు నర్సరీలో ఉంది. మీ తమ్ముడు లోపల ఉన్నాడు. మరి దించింది ఎవరు?"

కారు కింద ఎక్కడో నీటిచుక్క పడింది. అక్క చేతులు ముందుకి కట్టుకుంది, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా.

"నేనే," అంది.

"ఎందుకు?"

"దించమన్నాడు గనక." ఆవిడ గొంతులో వణుకు లేదు. "పేపరు కోసం బయటి నుంచి వచ్చాను. నేలమీద కూర్చుని దాని బూట్లలో పేపరు కూరుతున్నాడు. కాలర్ అంతా రక్తం. 'అయ్యో, డాక్టర్ని పిలుస్తానురా' అన్నాను. 'ముందు షట్టర్ దించు, జల్లు కొడుతోంది, అరలు తడుస్తాయి' అన్నాడు. దించాను."

"ఆ తర్వాత?"

"నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను."

"మూడు గంటలు!" అన్నాడు రైలు. "మనిషి రక్తం కారుతుంటే మూడు గంటలు కూర్చున్నారా?"

"మీరు నామీద అరవకండి," అంది అక్క. "నామీద అరిచే హక్కున్నవాడు పోయాడు. డాక్టర్ని పిలవమని అతను చెప్పలేదు. చెప్పనిది చేస్తే ఈ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అన్నం గిన్నె మూత కూడా చెప్పిన దిక్కుకే పెట్టాను. నా ఇష్టంతో అతని మాట విన్నది మాత్రం నిన్న ఒక్కసారే."

నత్తమ్మ ఆ ఇంటి తలుపు వైపు చూసింది. గడియ వైపు. అడగకుండా ఉండాలని ఆమెకు ఒక క్షణం అనిపించింది. అడగకపోతే రాత్రికి గదిలో తనని తానే అడుక్కోవాలి.

"తలుపు తట్టాడా?"

అక్క కూడా ఆ తలుపు వైపే తిరిగింది.

"తట్టాడు," అంది చివరికి. "ఆ తలుపుకి ఎప్పుడూ గడియ వేసి ఉంచాలన్నాడు, దాన్ని ఎలా తట్టాలో కూడా మాకు నేర్పించాడు. మెల్లగా, రెండుసార్లు. మూడోసారి తడితే మర్యాద కాదు. నిన్న రెండుసార్లే తట్టాడు." ఊపిరి పీల్చుకుంది. "మూడోసారి తట్టి ఉంటే తీసేదాన్నేమో. నాకు తెలీదు. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను."

రైలు జేబులోంచి చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అతని పట్టాల మీద ఇలాంటి స్టేషను ఎప్పుడూ రాలేదు.

"మీ మరదల్ని వ్యాన్ ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకున్నారు," అంది నత్తమ్మ. ఈసారి ఆమె మాటలో పదును ఉంది. "ఉరి పడేది ఆమెకి."

"అది రోజూ వాణ్ణి ఎదిరించింది," అంది అక్క. "నా కళ్ళముందే బూట్లు తారుమారు చేసేది. నేను చూసి లోపలికి పోయి ఏడ్చేదాన్ని. అసూయతో. వాణ్ణే ఎదిరించినదానికి మీరొక లెక్కా అనుకున్నాను. మిమ్మల్ని కూడా అదే చూసుకుంటుందిలే అనుకున్నాను. తప్పే. రాసుకోండి. చేసినదానికి మాత్రం నేను ఏడవను."

* * *

రైలు కోలుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అతని మెదడు కొత్త పట్టా వెతుక్కుంది. "సరే. ఆవిణ్ణి దించండి, ఈవిణ్ణి ఎక్కించండి. మూడింటికి ఎవరో ఒకరు కోర్టులో ఉండాలి. తెలిసి తెలిసి చావనిచ్చింది, తక్కువేం కాదు."

"ఎవరో ఒకరా?" అంది నత్తమ్మ.

"మీరు గెలిచారుగా మేడమ్, ఇంకేం కావాలి?"

ఆమె వెళ్ళి వ్యాన్ తలుపు తెరిచింది. భార్యకి అన్నీ చెప్పింది. బూటు తట్టుకోవడం, పేపరు, బొటనవేలు, షట్టర్. తలుపు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి ఆగి చెప్పింది. భార్య వింటున్నంతసేపూ తన చెప్పుల వైపే చూస్తూ ఉంది. అక్క వ్యాన్ పక్కకి వచ్చి నిలబడింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఒకే ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నా వాళ్ళు ఒకరినొకరు ఇంత తీరిగ్గా చూసుకోలేదని నత్తమ్మకు అనిపించింది.

"మీరు దిగొచ్చమ్మా," అంది. "మీ మీద ఏ కేసూ లేదు."

"వదినని ఏం చేస్తారు?"

"మీ చోట్లో కూర్చోబెడతాం," అన్నాడు రైలు. "త్వరగా దిగండి."

భార్య కదల్లేదు.

"దిగను," అంది.

"ఏమిటీ?"

"నాకు తన్నడానికి కాళ్ళున్నాయి. తిట్టడానికి నోరుంది. పొద్దున్నే పోవడానికి ఒక నర్సరీ ఉంది. ఆవిడకి ఆ గది తప్ప ఏముంది?" ఆమె అక్కని కాదు, రైలుని చూస్తోంది. "నిన్న నేను ఇంట్లో ఉండి, ఆయన రెండుసార్లు తట్టడం నాకు వినపడి ఉంటే, తలుపు తీసేదాన్నా? రాత్రంతా 'నేను చంపలేదు' అన్నాను మీతో. అది నిజమే. కానీ ఇది మీరు అడిగితే జవాబు చెప్పలేను. నాకే తెలీదు."

"ఇది మీ ఇష్టాఇష్టాల సంగతి కాదు. దిగండి!"

"నన్ను ఎక్కించడానికి నిన్న ముగ్గురు కావలసొచ్చారు," అంది భార్య. "దించడానికి ఎంతమంది కావాలో తెచ్చుకోండి. వదినా, పక్కకి జరుగు, వేలు నలుగుతుంది."

లోపలి నుంచి చెయ్యి చాచి, తలుపు తనే లాగి వేసుకుంది.